సశేషమా, ఇంటర్వెలా?

మా అక్క కొడుకు బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. పోయిన దసరా సెలవులకు అనంతపురం వచ్చి, భుజాన బ్యాగు దించకముందే అడిగాడు: "మామా, వారం ఉంటా. మంచి థ్రిల్లర్లు చెప్పు. పుస్తకం చదవాల్నా, సినిమా చూడాల్నా? రెండూ అని మాత్రం అనొద్దు."

నేను అదే అనబోయి ఆగిపోయాను. జవాబు చెప్పకుండా అటక మీద నుంచి ఒక బైండు దించి వాడి చేతిలో పెట్టాను. వాళ్లమ్మ పెళ్లికి ముందు కుట్టిన బైండు అది. వారపత్రికలోంచి సీరియల్ పేజీలను బ్లేడుతో కోసి, దబ్బనంతో మూడుచోట్ల పొడిచి దారంతో కుట్టి, మైదా ఉడికించిన బంకతో పాత క్యాలెండర్ అట్ట అంటించింది. పేజీల వెనక వైపు సగం తెగిన జోకులు, తలనూనె ప్రకటనలు. పద్దెనిమిదో వారం మాత్రం లేదు. ఆ సంచిక పక్కింటివాళ్లు తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు. ఆ చోట అక్క ఒక రూళ్ల కాగితం మీద జరిగిన కథను ఆరు లైన్లలో రాసి కుట్టేసింది. ఆ నవల పేరు ఇక్కడ రాయను. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

నవలా, సినిమానా అనే ప్రశ్నకు సగం జవాబు ఆ బైండులోనే ఉంది. ప్రతి ఏడెనిమిది పేజీలకు కింద మూలన 'సశేషం' అని ఉంటుంది. మనకు పేరున్న తెలుగు థ్రిల్లర్లు చాలామటుకు వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చినవే. రాసేవాళ్లకు వారానికో గండం. ఆ కాసిని పేజీల్లోనే కథ ముందుకు జరగాలి, చివరి వాక్యం దగ్గర పాఠకుడి కాలు జారాలి. ముప్పై వారాలు నడిచిన నవలలో ముప్పై చోట్ల కాలు జారుతుంది. సినిమాకు ఉండేది ఒక్క ఇంటర్వెల్. అందుకే సీరియల్ నవలను తెరకెక్కించేవాడు ముందు చేసే పని, ముప్పైలో ఏ ఒక్కటి ఇంటర్వెల్‌కు సరిపోతుందో వెతుక్కోవడం. మిగతావి కొన్ని రాలిపోతాయి, కొన్ని పాటల మధ్య ఇరుక్కుంటాయి. "నవలంత లేదప్పా సినిమా" అనే పాత ఫిర్యాదు పుట్టేది ఇక్కడే. దర్శకుడికి చేతకాక కాదు, రెండింటి కొలతలూ వేరు.

కాబట్టి ఏది బాగుందని అడగకుండా, ఈ కథలో ఉత్కంఠ ఎక్కడ దాక్కుందని అడగడం మేలు. కొన్ని కథల్లో అది ముడిలో ఉంటుంది. ఎవరు చంపారు, ఆమె ఎవరు, ఇదంతా నిజమా అబద్ధమా అన్నది తెలిసేదాకానే వాటికి ప్రాణం. కొన్నింట్లో ఉచ్చులో ఉంటుంది. ఏం జరగబోతోందో ముందే తెలుసు, పథకం పారుతుందా లేదా అన్నదే బిగి. ముడి కథకు నవలో సినిమానో ఒక్కదాన్నే ఎంచుకోవాలి. ఒకటి విప్పాక రెండోది చప్పబడుతుంది. ఉచ్చు కథను ఎన్నిసార్లయినా, ఎటునుంచైనా మొదలుపెట్టొచ్చు.

ఉచ్చు కథకు నేను ఎప్పుడూ చూపించేది ఫ్రెడరిక్ ఫోర్సిత్ రాసిన 'ది డే ఆఫ్ ది జాకాల్'. నవల 1971లో వచ్చింది, ఫ్రెడ్ జిన్నెమన్ సినిమా 1973లో. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ను చంపడానికి ఒక కిరాయి హంతకుణ్ణి పెడతారు. డిగాల్ హత్యకు గురికాలేదని, 1970లో మామూలుగానే చనిపోయాడని నవల కొన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ముగింపు ముందే తెలిసిన కథ అది. అయినా దొంగ పాస్‌పోర్టు ఎలా పుట్టిస్తాడు, తుపాకీని ఎలా తయారు చేయించుకుంటాడు, పోలీసులు ఎంత దగ్గరికొచ్చారు అన్న వివరాలకే గుండె వేగం పెరుగుతుంది. దీనికి వరుస ముఖ్యం కాదు. ఓపికుంటే నవల, ఒక్క సాయంత్రమే ఉంటే 1973 సినిమా. 2024లో వచ్చిన సిరీస్ కథను ఈ కాలానికి తెచ్చింది, డిగాల్ గొడవ అందులో ఉండదు. దాన్ని వేరే కథగానే చూడాలి.

ముడి కథకు గిలియన్ ఫ్లిన్ 'గాన్ గర్ల్'. నవల 2012, డేవిడ్ ఫించర్ సినిమా 2014. సినిమాకు స్క్రీన్‌ప్లే రచయిత్రే రాసుకుంది కాబట్టి కథ ఎముకలు కదల్లేదు. నడిమధ్యలో కాళ్ల కింద నేల జారే చోటు రెండింట్లోనూ ఉంది. ఇక్కడ మాత్రం ఒకటే ఎంచుకోవాలి. నా ఓటు సినిమాకు. నవల్లో భార్యాభర్తల మనసుల్లోని విషం ఎక్కువ దొరుకుతుంది, నిజమే. కానీ ఆ మలుపు తెరమీద పడినంత దెబ్బగా కాగితం మీద నాకు పడలేదు. ఈ మాటన్నందుకు మా లాయరు మిత్రుడు నాతో రెండు రోజులు ముఖం చిట్లించుకునే ఉన్నాడు.

ఆ లాయరు మిత్రుడి గురించి చెప్పాలి. ఆదివారం పొద్దున మేం నలుగురం టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాని, బజ్జి తింటూ కూర్చుంటే మొదట కోర్టు కబుర్లు, తర్వాత సినిమాలు, చివరికి తప్పకుండా 'అభిలాష'. యండమూరి వీరేంద్రనాథ్ నవల. ఎ.కోదండరామిరెడ్డి దర్శకత్వంలో చిరంజీవి హీరోగా 1983లో సినిమా అయింది. మరణశిక్ష రద్దు కావాలని పట్టుబట్టిన కుర్ర లాయరు, చేయని హత్యలో కావాలని తానే ఇరుక్కుంటాడు. బయటపడే దారి ముందే సిద్ధం చేసుకున్నానన్న ధీమా వాడిది. ఆ దారి మూసుకుపోతే?

మా వాడి వాదన ఇది: "నవలే చదవాలప్పా. ఆ వాదం నవల్లోనే నిలబడి ఉండాది. సినిమాలో పాటలొస్తే ఉరిశిక్ష మర్చిపోతాం." కొత్త పాఠకుల కోసం ఇంకో మాట కూడా కలుపుతాడు. కథంతా 302 సెక్షన్ చుట్టూ తిరుగుతుంది. ఆ రోజుల్లో హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ అది, జనం నోట్లో సామెతంత అయింది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక హత్యకు శిక్ష 103 సెక్షన్‌లోకి పోయింది. కొత్త చట్టంలో 302 అంటే మతపరమైన మనోభావాలు గాయపరిచే మాటలనడం. "ఈ కాలం పిల్లోడు నవల చదివి, ఆ లాయరు యాడో దేవుణ్ణి తిట్టినాడేమో అనుకుంటాడు" అని పగలబడి నవ్వుతాడు. సుప్రీంకోర్టు బచన్ సింగ్ కేసులో అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసుల్లోనే ఉరి వేయాలని చెప్పింది 1980లో. సినిమా వచ్చేటప్పటికి దేశంలో ఆ చర్చ పచ్చిగానే ఉంది. ఆ వేడి తెలుసుకుని చదివితే నవల బిగువు ఇంకా తెలుస్తుంది.

నేను వాడితో సగమే ఏకీభవిస్తాను. 'అభిలాష' ఉచ్చు కథ. కాబట్టి ఏది ముందైనా ఇబ్బంది లేదు. కానీ ఇళయరాజా పాటలతో పెరిగినవాళ్లు సినిమా ముందు చూస్తే, తర్వాత నవల చదివేటప్పుడు జైలు గదిలోకి కూడా పాట వచ్చేస్తుంది. నాకు అదే జరిగింది. పాటలు తెలియని పిల్లలు నవలతో మొదలుపెట్టడం మంచిది.

అదే జట్టు, అంటే నిర్మాత కె.ఎస్.రామారావు, కోదండరామిరెడ్డి, చిరంజీవి, ఇళయరాజా, యండమూరి కథ, మళ్లీ మళ్లీ కలిసింది. 'డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు' నవల 1984లో 'ఛాలెంజ్' అయింది. తర్వాత 1986లో 'రాక్షసుడు', 1988లో 'మరణ మృదంగం'. వీటిలో ఒక్కటే తీసుకోమంటే నేను 'డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు' నవల తీసుకుంటాను. ఐదేళ్లలో యాభై లక్షలు సంపాదిస్తానని పందెం కాసిన కుర్రాడి కథ. హత్య చుట్టూ తిరిగే థ్రిల్లర్ కాదు గానీ, తర్వాతి రూపాయి ఎక్కణ్ణుంచి వస్తుందా అని పేజీ తిప్పిస్తుంది. లెక్కల కథకు పుస్తకమే చోటు, ఆగి కూడుకోవచ్చు. సినిమాలో రావు గోపాలరావు ఎదురుగా నిలబడి పందెం కాసే ఊపు కావాలంటే 'ఛాలెంజ్' చూసుకోవచ్చు. మిగతా రెండింటికీ ఆదివారం మధ్యాహ్నం సినిమా చాలు.

యండమూరిదే 'తులసిదళం' నవల సంగతి వేరు. ఇది భయం కథ. పసిపిల్ల మీద చేతబడి, ఒకవైపు మంత్రం, ఒకవైపు వైద్యం. భయం ఎవరికి వాళ్లు బుర్రలో కట్టుకునేది కాబట్టి ఇక్కడ పుస్తకానికి సాటి లేదు. మా అక్క ఆ రోజుల్లో వారం వారం చదివి, రాత్రి నీళ్లు తాగడానికి వంటింట్లోకి పోవాలన్నా నన్ను లేపేది. కన్నడంలో 1985లో 'తులసీదళ' వచ్చింది. దాని కొనసాగింపు నవల 'తులసి' ఆధారంగా తెలుగులో 1986లో 'కాష్మోరా' వచ్చింది. ఫోన్‌లో కాష్మోరా అని వెతికితే ముందు కార్తి 2016 తమిళ సినిమా వస్తుంది, దానికీ దీనికీ సంబంధం లేదు, మోసపోవద్దు. అప్పటి తెరమీద చేతబడి ఇప్పటి పిల్లలకు భయం బదులు నవ్వు తెప్పించే ప్రమాదం ఉంది. కాబట్టి నవల, అదీ చీకటి పడ్డాక. చదివాక మనసు కుదుటపడాలంటే రంగనాయకమ్మ విమర్శ 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' చదవండి. మూఢనమ్మకాన్ని ఇంత బాగా అమ్మొచ్చా అని ఆమె అడిగిన ప్రశ్నలకు అభిమానులుగా మేం జవాబు చెప్పలేక బజ్జి మీదికి చర్చ మళ్లించిన రోజులున్నాయి.

మా ఊరివాళ్లకు మాత్రమే దొరికే ఒక సౌకర్యం గురించి ఇప్పుడు చెప్తాను. అనంతపురం నుంచి బెంగళూరు రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. మా ఇళ్లల్లో సగం మందికి కన్నడం చదవడం రాకపోయినా వినడం వచ్చు. అందుకే 'వెన్నెల్లో ఆడపిల్ల' నవల గురించి మాకు ఒక అదృష్టం. సునీల్ కుమార్ దేసాయి దాన్ని 1995లో 'బెళదింగళ బాలె' పేరుతో తీశాడు, అనంత్ నాగ్ హీరో. చెస్ గ్రాండ్‌మాస్టర్ రేవంత్‌కు ముక్కూ మొహం తెలియని అమ్మాయి ఫోన్ చేసి, నేనెవరో కనుక్కో చూద్దాం అని సవాలు విసురుతుంది. ఆధారాలు చిక్కుప్రశ్నల్లాగా ఇస్తుంది.

ఈ కథకు సినిమా చేయడంలో ఒక చిక్కుంది. పుస్తకంలో ఆమె ఎవరో తెలియకపోవడం సహజం, అక్షరాలకు ముఖం ఉండదు. సినిమాలో కెమెరా ఉంది. హీరోయిన్‌ను చూపించకపోతే టికెట్టు ఎవరు కొంటారు? దేసాయి ఆ భయాన్ని పక్కన పెట్టాడు. ఆమెను గొంతుగానే నడిపించాడు, ముఖాన్ని దాచిపెట్టుకున్నాడు. ఫోన్ మోగగానే అనంత్ నాగ్ ముఖం మారడం చూడాలి. రిసీవర్‌ను చెవికి కాస్త గట్టిగా నొక్కుకుంటాడు, కళ్లు గదిలో దేన్నీ చూడవు. అవతలి మనిషిని మనం ఆయన ముఖంలో చూస్తాం. నవలలో ఉన్నదాన్ని వదలకుండా, సినిమాకు కావాల్సిన చోట కొత్తగా కట్టడం అంటే ఇదేనేమో. నేను చూసినవాటిలో యండమూరి నవలకు ఇంత న్యాయం జరిగిన సినిమా ఇంకోటి లేదు, తెలుగు సినిమాలతో కలిపి చెప్తున్నా. ఇది ముడి కథే అయినా నా సూత్రం ఇక్కడ చెల్లదు. నవల ముందు, వారం ఆగి సినిమా. ముడి విప్పాక కూడా మిగిలే బాధ ఒకటి దీంట్లో ఉంది. కన్నడం అర్థం కానివాళ్లు పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి.

ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు అందరూ కూర్చునే పని అయితే 'చంటబ్బాయ్'. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల, జంధ్యాల 1986లో తీశారు. డిటెక్టివ్ పాండురంగారావు 'జేమ్స్ పాండ్' అని పేరు చెప్పుకుంటుంటే ముడి గురించి ఎవరికీ పట్టదు. సినిమానే ముందు, అందులో అనుమానం లేదు. డిటెక్టివ్ అంటే గుర్తొచ్చింది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు ఇష్టపడేవాళ్లు 1979లో వచ్చిన ఎన్టీఆర్ 'యుగంధర్' చూసి తెల్లబోవడం నాకు తెలుసు. అది హిందీ 'డాన్'కు రీమేక్. పేరు కలిసిందంతే.

ఆ యుగంధర్ పాకెట్ పుస్తకాలు, మధుబాబు షాడో పుస్తకాలు రోజు అద్దెకు తెచ్చుకునే కాలంలో ఒక దురలవాటు మనుషులుండేవాళ్లు. పన్నెండో పేజీలోనే బాల్‌పెన్‌తో 'హంతకుడు డాక్టరే' అని రాసి తిరిగి ఇచ్చేవాళ్లు. షాపాయన్ని అడిగితే "ఇంకో పుస్తకం తీసుకోప్పా" అనేవాడు, అద్దె మాత్రం వెనక్కి ఇచ్చేవాడు కాదు. ఇప్పుడు ఆ పని వీడియోల బొమ్మలు, శీర్షికలు చేస్తున్నాయి. ముడి కథ చూడాలనుకుంటే దాని పేరు ఎక్కడా వెతక్కుండా నేరుగా పెట్టేసుకోండి.

డాన్ బ్రౌన్ దగ్గరికి వస్తే మా బ్యాచ్‌కు ఒక జ్ఞాపకం. 2006లో 'ది డావిన్సీ కోడ్' సినిమాను మన రాష్ట్రంలో ప్రభుత్వం నిషేధించింది. హైకోర్టు తర్వాత ఆ నిషేధాన్ని కొట్టేసింది. అంతవరకు ఆగే ఓపిక లేక మేం ముగ్గురం రైలెక్కి బెంగళూరు పోయి చూసొచ్చాం. తిరుగు రైల్లో ముగ్గురం మాట్లాడలేదు. అంత దూరం పోయింది హీరో ఒక్కో గోడ ముందూ నిలబడి పాఠం చెప్తుంటే వినడానికా అని. 2003 నాటి నవలకు వందకు పైగా అధ్యాయాలు, చాలావరకు మూడు నాలుగు పేజీలవే, ప్రతిదాని చివరా ఒక కుదుపు. మన సశేషం లెక్కే. పేజీ మీద చిక్కుముడిని పాఠకుడు తానూ విప్పుకుంటాడు. తెరమీద హీరో విప్పుతుంటే చూస్తూ కూర్చోవాలి. ఇది పుస్తకమే.

అదే రచయిత 'ఇన్‌ఫెర్నో'కు రెండూ అని ధైర్యంగా చెప్తాను. 2013 నవలలో చివరికి జరిగేదానికీ, 2016 సినిమాలో జరిగేదానికీ పొంతన లేదు. నవల ముగింపుకు నాకు ఒళ్లు జలదరించింది. సినిమా అంత దూరం పోవడానికి భయపడింది. ఏది ముందు చూసినా రెండోది మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది, అందుకైనా రెండూ. ఇంకో మాట: 'ఏంజెల్స్ అండ్ డెమన్స్' నవలల్లో మొదటిది, సినిమాల్లో రెండోది. చదివేవాళ్లు దాంతోనే మొదలుపెట్టాలి.

సినిమానే గెలిచిన కథ కావాలంటే 'జాస్'. పీటర్ బెంచ్‌లీ 1974 నవలలో పోలీసాయన భార్యకూ సొరచేపల శాస్త్రవేత్తకూ మధ్య ఒక వ్యవహారం ఉంటుంది. స్పీల్‌బర్గ్ 1975లో దాన్ని పూర్తిగా తీసేశాడు. ఆపైన యంత్రపు సొరచేప సముద్రంలో మాటిమాటికీ మొరాయించడంతో దాన్ని ఎక్కువ చూపించే వీలు లేకపోయింది. నీళ్లు, సంగీతం, తేలే పీపాలతో పని కానిచ్చారు. చేప కనిపించకపోవడమే భయమైంది. ఈ నవల చదవకపోయినా మీకు పోయేదేం లేదు. 'ది గర్ల్ ఆన్ ది ట్రైన్' విషయంలో తలకిందులు. నవల లండన్ లోకల్ రైలు కిటికీలోంచి నడుస్తుంది, 2016 సినిమా దాన్ని న్యూయార్క్ పక్కకు మార్చింది. తాగి ఏం చేసిందో గుర్తులేని మనిషి తలలో కూర్చోవాలంటే పుస్తకం కావాలి.

కొనేవాళ్లకు రెండు మాటలు. పాత తెలుగు నవలల కొత్త ముద్రణల్లో అక్షరం సైజు చూసుకోండి. కొన్ని పేజీలు తగ్గించడానికి చీమల బారులా వేస్తున్నారు. సీరియల్ నవలను ఒక్క రాత్రిలో మింగకండి, రోజుకు రెండు సశేషాలు చాలు. ఇంగ్లీషు సినిమాలకు తెలుగు డబ్బింగ్ ఉన్నా ముడి కథలకు అసలు గొంతే నయం. గొంతు వణకడంలోనే ఆధారం ఉంటుంది.

మేనల్లుడు వారంలో 'గాన్ గర్ల్', 'జాస్' సినిమాలు చూశాడు, 'డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు' చదివాడు. పోతూ పోతూ వాళ్లమ్మ బైండు బ్యాగులో పెట్టుకున్నాడు. పది రోజులకు రాత్రి పదకొండింటికి ఫోన్.

"మామా, పద్దెనిమిదో వారం కాగితం చదివినావా నువ్వు?"

"ఎప్పుడో చదివినా. ఏమైంది?"

"అమ్మ కథంతా అయిపోయినాక రాసింది ఇది. నాలుగో లైన్‌లోనే హంతకుడి పేరుండాది. ఇంకా పదమూడు వారాలు మిగిలుండాయి నాకు!"

అక్క పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. తల ఎత్తకుండా అంది, "నేనా చదవమనింది? కథ మర్చిపోకుండా నాకోసం రాసుకున్నా."

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత అడిగాడు, "దీనికి సినిమా ఉందా?"

ఉంది, చూడు అన్నాను. పేరు ముందే తెలిసిపోయింది కదా, వాణ్ణి ఏ సీన్లో ఎట్లా దాచినారో అది చూడు.